ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు

(ఉగాది నాడు కోల్‌కతాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు.

పంచాంగ శ్రవణం ఇప్పుడే అయింది. ఎవరి రాశికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో, రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో విన్నాం. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినదాన్ని కాబట్టి ప్రతి ఉగాదికీ ఒక విషయం గమనిస్తూ ఉంటాను. పంచాంగంలో ఆదాయం ఉంటుంది, వ్యయం ఉంటుంది గాని అప్పు పద్దు ఉండదు. ఈ రోజు నేను ఆ పద్దు గురించే మాట్లాడాలని వచ్చాను.

మీలో సగం మందికి పైగా ఈ రెండు మూడేళ్ళలో ఇక్కడికి వచ్చినవారేనని నిర్వాహకులు చెప్పారు. కొందరు సాల్ట్‌లేక్‌లో కంప్యూటర్ కొలువులకు, కొందరు రైల్వేకు, కొందరు చదువులకు. ఊరు కాని ఊరిలో సంతోషంగా ఎలా కుదురుకోవాలో చెప్పమని నన్ను అడిగారు. నాకు తెలిసింది నా కథ ఒక్కటే. అదే చెబుతాను.

నేను 2011 జూన్‌లో రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చాను. అప్పటికి మా అబ్బాయికి పదకొండేళ్ళు. మావారు అక్కడి కళాశాలలో అధ్యాపకులు, వెంటనే కదలడానికి వీలుకాలేదు. పిల్లవాడిని చూసుకోవడానికి మా అత్తయ్యగారు నాతో వచ్చారు. ఆవిడకు డెబ్బై ఏళ్ళు. గోదావరి దాటి ఎక్కువ దూరం వెళ్ళిన మనిషి కారు.

జాదవ్‌పూర్ దగ్గర బిజయ్‌గఢ్‌లో ఇల్లు దొరికింది. సామాను దిగిన రోజు సాయంత్రం ఇంకా మంచాలు కూడా బిగించలేదు. చీకటి పడే వేళకు పక్కింట్లోంచి శంఖం మోగింది. ఆ వెంటనే ఎదురింట్లోంచి, ఆ వెనకింట్లోంచి. అత్తయ్యగారు ఊడుస్తున్న చీపురు అక్కడే వదిలేసి, "అమ్మాయ్, పక్కన ఎవరో పోయినట్టున్నారు. ఈ పూట పొయ్యి వెలిగించకు" అన్నారు. మా వైపు వీధిలో శంఖం వినబడిందంటే శవం లేచిందనే అనుకుంటారు. ఆ రాత్రి అటుకుల్లో పెరుగు కలుపుకుని తిని పడుకున్నాం. మర్నాడు అదే వేళకు మళ్ళీ శంఖాలు. మూడో రోజుకు గాని తెలియలేదు, ఇక్కడ ఇల్లాలు సంధ్యాదీపం పెట్టి శంఖం పూరిస్తుందని, అది ఇంటికి శుభమని.

చెవికి తెలిసిన శబ్దమే, అర్థం మాత్రం పూర్తిగా వేరు. కొత్త ఊళ్ళో మనల్ని ఎక్కువగా అలిసిపోయేలా చేసేది ఇలాంటివేనని నాకనిపిస్తుంది. పూర్తిగా తెలియనివాటిని అడిగి తెలుసుకుంటాం. తెలుసనుకున్నవే మోసం చేస్తాయి. ఇక్కడి వీధి బోర్డుల మీద 'శిక్షా' అని కనిపిస్తే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. అది చదువు అని అర్థం. 'రాగ్' అంటే కోపం. వచ్చిన కొత్తలో ఒకసారి, బ్యాంకు వారోత్సవంలో నా ఉపన్యాసం ఉందని పక్కింటి మాషిమాకు చెప్పాను. మాషిమా అంటే పిన్నిగారు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, ఎన్ని పేజీలు రాశావు, ఎవరు అచ్చు వేస్తున్నారు అని అడిగారు. బెంగాలీలో ఉపన్యాస్ అంటే నవల.

ఇక నా సంగతి. మూడేళ్ళ బదిలీ కదా, మూడేళ్ళు కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయనుకున్నాను. కిటికీలకు కొత్త తెరలు కొనలేదు. నాలుగు అట్టపెట్టెలు విప్పకుండానే మంచం కిందికి తోసేశాను, తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉంటాయని. సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే రాజమండ్రికి ఫోను. మావారితో, అమ్మతో, చెల్లెలితో వరసగా మాట్లాడితే తొమ్మిదయ్యేది. ఆదివారాలు లేక్ మార్కెట్‌కు వెళ్ళి కరివేపాకు, అరిటాకులు, కాఫీ పొడి కొనుక్కుని, ఫిల్టర్ కాఫీ తాగి వచ్చేదాన్ని. మనిషిని ఇక్కడ ఉన్నాను గాని నా రోజంతా అక్కడే గడిచేది. మీలో కొందరు ఇప్పుడు అలాగే ఉన్నారని నాకు తెలుసు. తప్పు పట్టడం లేదు. ఆ ఫోను లేకపోతే నేను మొదటి రెండు నెలలు నిలబడగలిగేదాన్ని కాను.

మా ఇంట్లో ముందుగా కుదురుకున్నది ఒక్క బెంగాలీ ముక్క రాని అత్తయ్యగారు. ఆవిడకు దారి చూపింది చేపల బజారు.

వచ్చిన రెండో వారమే సంచీ పట్టుకుని బయలుదేరారు. బజారులో గట్టు మీద వరసగా కూర్చున్న చేపలవాళ్ళను చూసి ఆవిడ ఒకచోట ఆగిపోయారు. అక్కడ ఒకతను ఒక మోకాలు మడిచి కూర్చుని, ఇనప పీటను పాదంతో అదిమిపెట్టి, నిటారుగా లేచి ఉన్న కత్తికి చేపను ఎదురు తీసుకువెళ్ళి కోస్తున్నాడు. కత్తి కదలదు, చేప కదులుతుంది. రెండు చేతులూ చేప మీదే ఉంటాయి. అచ్చం మన కత్తిపీట. వాళ్ళు బోటీ అంటారు. అత్తయ్యగారు ఇంటికి వస్తూనే, "నా కత్తిపీట ఏ పెట్టెలో పెట్టావు?" అని అడిగారు. మంచం కింది నాలుగు పెట్టెల్లో మొదటిది ఆ రోజు విప్పాం.

అదే చేపలవాడి దగ్గర మంచుముక్కల్లో పేర్చిన పెద్ద చేపలను చూసి ఆవిడ "శీలావతి" అన్నారు. అతను "రుయి" అన్నాడు. తరవాత దక్షిణం వైపు చెయ్యి చాపి "ఆంధ్రా" అన్నాడు. ఆ ఒక్క మాట ఆవిడకు అర్థమైంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని తనూ "ఆంధ్రా" అన్నారు. అతని ముఖం వెలిగిపోయిందట. నిజంగానే అవి మన కొల్లేటి చుట్టుపక్కల చెరువుల చేపలు. ఆకివీడు, కైకలూరు, భీమవరం నుంచి మంచు పెట్టెల్లో లారీల మీద హౌరా బజారుకు వస్తాయి. ఇక్కడివాళ్ళు చేప కొనేముందు అడుగుతారు, ఇది స్థానికమా, చాలానీయా అని. చాలానీ అంటే ఎక్కడినుంచో సరుకుగా వచ్చింది. స్థానికమైనదానికి ధర ఎక్కువ, గౌరవమూ ఎక్కువ. కానీ చాలానీ చేప లేకపోతే ఈ నగరంలో చాలా ఇళ్ళలో పూట గడవదు. ఆ మాట వినగానే నాకు మొదట చివుక్కుమంది, మేమూ చాలానీ మనుషులమే కదా అని. అత్తయ్యగారికి అలాంటిదేమీ లేదు. మన చెరువు చేప ఇంత దూరం వచ్చి ఇంతమందికి అన్నంలో కూరయింది కదా అని ఆవిడ సంబరం.

ఆగస్టు వచ్చింది. ఒక ఉదయం ఆవిడ బజారు నుంచి దాదాపు పరుగున వచ్చారు. "అమ్మాయ్, పులస! ఇక్కడ కుప్పలు పోసి అమ్ముతున్నారు!" వీళ్ళ ఇలిష్, మన పులస ఒకటే జాతి. వానాకాలంలో సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతూ వస్తుంది. మనకు గోదావరి వరద నీటిలో వస్తే, వీళ్ళకు కోలాఘాట్ దగ్గర, డైమండ్ హార్బర్ దగ్గర దొరుకుతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలని మనం అంటే, వీళ్ళు ఇలిష్ కోసం ఇంతకింత తపన పడతారు. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని మనవాళ్ళు విలస అంటారు. గోదావరి ఎక్కాకే పులస. ఏటికి ఎదురీదితేనే దానికి ఆ రుచి వస్తుందని మా అత్తయ్యగారి నమ్మకం.

ఆ రోజు రెండో పెట్టె విప్పాం, మట్టి దాక కోసం. బెండకాయలు వేసి, చింతపండు పులుసు పోసి, దించే ముందు ఆవకాయ ఊట కలిపి ఆవిడ పులుసు పెట్టారు. మర్నాటికి రుచి తేలాక, మూత ఉన్న స్టీలు గిన్నెలో పోసి మాషిమా ఇంటికి పంపారు. ఆ గిన్నె అడుగున అత్తయ్యగారి పేరు తెలుగు అక్షరాల్లో చెక్కి ఉంటుంది. మన ఇళ్ళలో గిన్నెలకు పేర్లు చెక్కించేది ఎందుకు? అవి ఇల్లు దాటి వెళ్తాయని, తిరిగి రావాలని.

మూడో రోజు గిన్నె తిరిగి వచ్చింది. ఖాళీగా రాలేదు. ఇక్కడా మనలాగే ఖాళీ గిన్నె తిరిగి పంపరు. మూత తీస్తే పచ్చగా ఆవముద్దలో ఉడికిన ఇలిష్. అత్తయ్యగారు వేలితో తీసి నాలుక మీద వేసుకుని, "ఆవ పెట్టారే!" అన్నారు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టే గోదావరి మనిషికి ఆవ ఘాటు కొత్త కాదు. పులసకు ఆవ పెట్టవచ్చని మాత్రం డెబ్బై ఏళ్ళలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడే వెళ్ళి మాషిమా వంటింట్లో కూర్చున్నారు. ఆవలు నూరేటప్పుడు చేదెక్కకుండా పచ్చిమిరపకాయ, ఉప్పు కలిపి నూరాలని చేతి సైగలతోనే నేర్చుకుని వచ్చారు. ఆవిడ తెలుగులో మాట్లాడారు, మాషిమా బెంగాలీలో మాట్లాడారు. వాళ్ళిద్దరూ ఆ తరవాత ఎనిమిదేళ్ళు అలాగే మాట్లాడుకున్నారు.

దసరాల్లో వీధి కుర్రాళ్ళు దుర్గాపూజ రశీదు పుస్తకంతో వచ్చారు. 'చాందా' అన్నారు. మన చందాయే. నేను పైకం ఇచ్చి తలుపు వేసుకోబోతే, అష్టమి నాడు పుష్పాంజలికి పిల్లవాడితో రావాలని గట్టిగా చెప్పి వెళ్ళారు. వెళ్ళాం. మంత్రాలన్నీ సంస్కృతమే గనక నాకు ఇబ్బంది లేదు, వకారాలన్నీ బకారాలు చేసి పలుకుతారు, అంతే. ఈ పూజలకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నన్ను అడిగితే, పందిరి కింద వీధి అంతా ఒకే వరసలో కూర్చుని తినే ఆ కిచిడీకే గుర్తింపు ఇవ్వాలంటాను.

అయినా నేను ఇంకా పూర్తిగా ఇక్కడికి రాలేదు. నన్ను లాక్కొచ్చింది డిసెంబరు.

ఇక్కడ డిసెంబరులో ఐదు గంటలైనా కాకుండానే పొద్దు గూకుతుంది. మనం అంత తూర్పుకు వచ్చేశాం. రాజమండ్రిలో ఇంకా ఎండ ఉంటుందే అని రోజూ ఆ వేళకు నాకు గుండె బరువెక్కేది. అలాంటి ఒక సాయంత్రం బ్యాంకులో ఉండగా మాషిమా కొడుకు ఫోను చేశాడు. అత్తయ్యగారు స్నానాలగదిలో జారిపడ్డారు, మణికట్టు విరిగింది. నేను ఆసుపత్రికి చేరేసరికి కట్టు కూడా వేసేశారు. వీధిలోని నలుగురు కుర్రాళ్ళు మెట్లమీంచి ఆవిడను కుర్చీలో దింపారట. మాషిమా టాక్సీలో పక్కన కూర్చుని, దారంతా తన కొంగుతో ఆవిడ ముఖం తుడుస్తూ తీసుకువచ్చారట.

ఆ రాత్రే నేను లెక్కగట్టి, ఎక్స్‌రేకూ మందులకూ టాక్సీకీ అయిన డబ్బు కవరులో పెట్టి, ఒక మిఠాయి పెట్టె పట్టుకుని మాషిమా తలుపు తట్టాను. ఎవరికీ బాకీ ఉండకూడదని మా నాన్నగారు నేర్పారు. అది మంచి అలవాటేనని అప్పటిదాకా నా గట్టి నమ్మకం. మాషిమా కవరు విప్పి, ఎక్స్‌రే డబ్బూ మందుల డబ్బూ తీసుకున్నారు. టాక్సీ డబ్బు మాత్రం నా చేతిలో తిరిగి పెట్టారు. "ఇది నీ పేర ఉండనీ, బౌమా. అంత తొందరగా అన్నీ తీర్చేస్తే మళ్ళీ మా గడప ఎందుకు తొక్కుతావు?" అన్నారు. బౌమా అంటే కోడలు. ఆవిడ కళ్ళల్లో నిజంగానే కోపం ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకులో ఖాతా ఎప్పుడు మూస్తాం? నిల్వ సున్నా చేశాక మూస్తాం. బాకీ నడుస్తున్నంతకాలం ఆ మనిషి మన మనిషే. వస్తాడు, పోతాడు, మంచిచెడ్డలు చెబుతాడు. ఆరు నెలలుగా నేను ఈ ఊరితో ప్రతి సాయంత్రం ఖాతా మూసేస్తూ వచ్చాను. కూరగాయలవాడికి చిల్లర మిగల్చలేదు, పక్కింట్లో చెంచాడు పంచదార అడగలేదు, ఎవరినీ దారి అడగలేదు. అది మర్యాద అనుకున్నాను. వాళ్ళకు అది తలుపు మూయడంలా కనిపించింది. అత్తయ్యగారు మొదటి రోజు నుంచే అడగడం మొదలుపెట్టారు. అందుకే ఆవిడ కిందపడితే నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకు వచ్చారు.

మాషిమా గురించి ఇంకొంచెం చెప్పాలి. బెంగాలీలు పరిచయం కాగానే "దేశ్ ఎక్కడ?" అని అడుగుతారు. మొదట నాకు వింతగా ఉండేది, అందరిదీ భారతదేశమే కదా అని. దేశ్ అంటే సొంత ఊరు, తాతముత్తాతల ఊరు. నేను అదే ప్రశ్న మాషిమాను అడిగితే "బరిశాల్" అన్నారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. 1950లో, తొమ్మిదేళ్ళ వయసులో, తల్లి చెయ్యి పట్టుకుని వచ్చారట. మళ్ళీ వెళ్ళలేదు. మా బిజయ్‌గఢ్ అంతా అలా వచ్చినవాళ్ళు కట్టుకున్నదే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన స్థలంలో, దేశ విభజన తరవాత కాందిశీకులు గుడిసెలు వేసుకుని, వాళ్ళే బళ్ళు పెట్టుకుని, వీధులు తీర్చుకున్నారు. మా అబ్బాయి స్నేహితులంతా 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్టుకు ప్రాణం పెట్టేది కూడా అందుకే. ఆ పేరులో వాళ్ళ తాతల ఊళ్ళున్నాయి. మావాడు మైదానంలోకి దిగిన రెండు నెలలకే వాళ్ళలో ఒకడైపోయాడు. జట్టు గెలిస్తే ఇలిష్ వండమని ఇప్పటికీ పేచీ పెడతాడు.

అరవై ఏళ్ళు ఇక్కడ బతికిన మనిషి దేశ్ బరిశాలే అంటున్నారు. మరి ఈ వీధి ఆవిడది కాదా? ఈ వీధిలో ఆవిడ కంటే హక్కున్న మనిషి లేరు. రాజమండ్రిని మరిచిపోతే గాని ఇక్కడ మనసు పెట్టలేనని నేను భయపడ్డాను. ఆ భయం ఆ రోజుతో పోయింది. 'ఉన్న ఊరు, కన్నతల్లి' అని మన పెద్దలు అన్నారు. పుట్టిన ఊరు అని అనలేదు, గమనించండి.

మనకంటే ముందు వచ్చినవాళ్ళనూ తలుచుకుందాం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి బయలుదేరి, హుగ్లీ ఒడ్డున టీటాగఢ్ జనపనార మిల్లుల్లో, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో తరాలపాటు చెమటోడ్చిన తెలుగువాళ్ళు వాళ్ళు. ఖరగ్‌పూర్ బజారులో ఇవాళ్టికీ తెలుగులో బేరమాడవచ్చు. 2020 డిసెంబరులో ఈ రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే అది వాళ్ళ పుణ్యమే.

కొత్తగా వచ్చినవారికి నాలుగు మాటలు. బెంగాలీ తప్పుల తడకగా అయినా మాట్లాడండి. వచ్చీరాని మాటకు ఇక్కడ ఎవరూ నవ్వగా నేను చూడలేదు, సరిదిద్దుతారు, ఆ దిద్దుబాటులోనే చుట్టరికం మొదలవుతుంది. కూరగాయలు ఒక్కరి దగ్గరే కొనండి, పావలా ఎక్కువైనా సరే. ఆటోలు ఇక్కడ నిర్ణీత దారిలోనే నడుస్తాయి, నలుగురు ఎక్కుతారు, చిల్లర లేకపోతే గొడవ. 'ఖుచ్రో', అంటే చిల్లర, ఆ మాట మొదటి రోజే నేర్చుకోండి. మన సంఘానికి తప్పకుండా రండి, పిల్లలకు తెలుగు నేర్పించండి. కానీ ఆదివారాలన్నీ మనలో మనమే గడిపితే ఈ ఊరి మనుషులు ఎప్పటికీ బస్సులో ఎదురు సీటువాళ్ళుగానే మిగిలిపోతారు.

అంతా బాగుంటుందని మాత్రం చెప్పలేను. దూరం దూరమే. కోరమాండల్ మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దుటికి రాజమండ్రి, వెయ్యి కిలోమీటర్లకు పైనే. మా నాన్నగారు పోయినప్పుడు ఆ ఒక్క రాత్రి నాకు చాలలేదు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ బాధకు ఏ ఊరూ మందు కాదు. తిరిగి వచ్చిన రోజు మా తలుపు ముందు మూడు గిన్నెలున్నాయి, మూడిళ్ళ నుంచి. అది మాత్రం చెప్పగలను.

మూడేళ్ళయ్యాక సొంత జిల్లాకు బదిలీ వచ్చింది. వెళ్ళాను. రెండేళ్ళకు కోరి మళ్ళీ ఇక్కడికే వచ్చాను, మావారితో సహా, అదే వీధికి. పోయినేడు ఇక్కడే పదవీ విరమణ చేశాను. అత్తయ్యగారు పోయి ఆరేళ్ళు దాటింది. ఆవిడ పేరున్న గిన్నె ఇప్పటికీ రెండిళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. గత వారం మాషిమా దానిలో లేత వేపాకు, వంకాయ వేపుడు పంపారు. ఈ కాలంలో వాళ్ళు మొదటి ముద్దలో ఆ చేదు తింటారు. అందుకే మొదటి ఉగాదికి మన పచ్చడి రుచి చూపించినప్పుడు వేపపువ్వు తగిలినా ఆవిడ ముఖం చిట్లించలేదు, ఇంకో చెంచా అడిగారు.

ఈ ఉదయం ఆ గిన్నె కడిగి, పచ్చడి పోసి, మూత పెట్టి వచ్చాను. ఎనభై అయిదేళ్ళ మనిషి భోజనానికి కూర్చోకుండా నాకోసం చూస్తూ ఉంటారు. సెలవు ఇప్పించండి.